అనీపా నేర్చిన సగం బాణీలు

మా అత్‌బాషీ కొండ ఊరి బడిలో సంగీతం చెప్పే అనీపా ఇప్పటికీ కుర్చీలో పది నిమిషాలు కూర్చోలేదు. చిన్నప్పుడు మరీ ఘోరమట. ఒక చోట ఉంచుదామని ఆరేళ్లప్పుడు వాళ్లమ్మ పళ్ల మధ్య పెట్టి మీటే ఇనుప వాద్యం ఇచ్చింది. అనీపా దాన్ని గుర్రం మీద వాయించబోయి ముందు పన్ను ఊడగొట్టుకుంది.

“నిన్ను కుదురుగా కూర్చోబెడదామనుకున్నాను చూడు, నాది బుద్ధి తక్కువ” అంది వాళ్లమ్మ.

అప్పుడు తండ్రి మూడు తంతుల కోముజ్ చేతికిచ్చాడు. ఒళ్లో పెట్టుకుంటే తప్ప పలకదు కదా అని ఆయన ఆశ. కానీ ఆ పిల్ల వేసవిలో మందలతో వెళ్లి ఉండే మేతకొండల్లో ఎక్కడ వాద్యం వినిపిస్తే ఆ గుడారానికి పరుగెత్తేది. బాణీ పూర్తయ్యేలోగా ఇంకో చోటికి పోయేది. అలా నలభై బాణీలు వచ్చాయి, అన్నీ సగం సగం.

పదిహేనో ఏట రాజధాని ఫ్రూంజేలో సంగీత పాఠశాలలో చేరింది. ఎసెన్‌బాయెవ్ మాస్టారు ఆమె వాయించింది విని, “ఎవరమ్మా నీకు నేర్పింది?” అని అడిగారు.

“ఎవరూ లేరండీ. విన్నాను.”

“విన్నట్టు లేదు. దారిన పోతూ చెవిన వేసుకున్నట్టుంది.”

రోజుకు నాలుగు గంటలు స్వరాల సాధన. మధ్యలో లేచి నడవాలో తిరిగొస్తే మళ్లీ మొదటినుంచి. రెండేళ్లకు వేళ్లు కుదురుకున్నాయి. సెలవుల్లో అన్న పెళ్లికి వెళ్తే చుట్టాలు వాయించమన్నారు. ఒక్క తప్పు లేకుండా వాయించింది.

“బాగుందే పిల్లా, కుట్టుమిషను నడిచినట్టుంది” అంది మేనత్త.

ఆ మాట ఆమెను నిలవనీయలేదు. తెల్లారగానే గుర్రమెక్కి, కనుమ దాటి, బుర్మాకన్ అనే ముసలామె గుడారానికి వెళ్లింది. చిన్నప్పుడు ఆమె దగ్గర విన్న ఒక బాణీలో రెండో సగం కావాలి. బుర్మాకన్ నాలుగు రోజులు ఆమెచేత తోలుతిత్తిలో గుర్రపు పాలు చిలికించింది. అయిదో రోజు పొయ్యి మీద పాలు పెట్టి, కోముజ్ అందుకుని బాణీ మొదలుపెట్టింది. అనీపా పెన్సిలు తీసింది. ముసలామె చెయ్యి ఆగిపోయింది.

“ఏంటే అది?”

“మరిచిపోతానేమోనని రాసుకుంటున్నా పెద్దమ్మా.”

“మరిచిపో. మరిచిపోయిన చోట నీ చెయ్యేదో చేస్తుంది. చెయ్యకపోతే నీకది అక్కర్లేదని.”

మళ్లీ మొదలుపెట్టింది. అది ఇంకోలా ఉంది.

“ఇందాక ఇలా లేదే?”

“ఇందాక పాలు పొంగడానికి రాలేదుగా.”

ఏది సరైనదో తేలక అనీపా పద్దెనిమిది రోజులు అక్కడే ఉండిపోయింది. తేలలేదు. పాఠశాలకు ఆలస్యంగా చేరితే మాస్టారు మండిపడ్డారు. ఆమె కోముజ్ తీసి ఆ బాణీ వాయించింది. ఆయన కళ్లజోడు తీసి, “మళ్లీ” అన్నారు. రెండోసారి వేరేగా వచ్చింది.

“ఇందులో ఏది రాసుకోమంటావు నన్ను?” అన్నారాయన. తర్వాత రెండూ రాసుకున్నారు.

చివరి పరీక్షలో ఆమె అదే వాయించింది. మాస్టారు వద్దని ముందే చెప్పారు. మధ్యలో స్వరాలు రాసిన కాగితంలో లేని దారి పట్టింది. పరీక్షాధికారులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పరీక్షను బట్టి ఇచ్చే పెద్ద వాద్యబృందంలో చోటు హాస్టల్లో ఆమె పక్కగది అమ్మాయికి దక్కింది, అనీపాను మా బడికి వేశారు. బస్సులో దారి పొడుగునా మాస్టారినీ ముసలామెనూ కలిపి తిట్టుకుందట.

ఇక్కడ పిల్లలకు ముందు బోర్డు మీద స్వరాలు రాస్తుంది. రెండు వారాలయ్యాక తుడిచేసి, “ఇప్పుడు వాయించండి” అంటుంది. కొందరు ఏడుస్తారు.

“ఆ బృందంలో చేరలేదని బాధ లేదా?” అని టీచర్ల గదిలో ఒకసారి అడిగాను.

“ఎందుకుండదు? రేడియోలో వాళ్లు వస్తే ఎక్కడ తప్పుతారా అని చెవి ఒగ్గి వింటాను. తప్పరు” అంది, కిటికీ దగ్గరికి నడుస్తూ.