మామ తలకు వేసిన కప్పు

మొన్న పొద్దున మా పక్క క్వార్టర్ మామ పోయాడు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగినవాడు మళ్లీ లేవలేదు. కాలనీ డాక్టర్ వచ్చి చూస్తుంటే అత్తమ్మ ఏడుపు ఆపి ఒక్కటే అడిగింది.

"నెత్తి వల్ల గాదు గద సారూ?"

"కాదమ్మా. గుండె ఆగింది. తలకు ఏ సంబంధమూ లేదు."

అత్తమ్మ అక్కడే కూలబడి గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ఊపిరి ఎన్నేళ్లుగా బిగబట్టిందో మా క్వార్టర్ల వరుసలో అందరికీ తెలుసు. మీకు తెలియదు కనుక చెబుతున్నాను.

మామ బొగ్గు బావిలో పనిచేసేవాడు. ఓ రోజు బావి కప్పు నుంచి బండ జారి తల పగిలింది. హైదరాబాద్ దవాఖానలో చితికిన ఎముక తీసేసి ప్రాణం నిలిపారు. తిరిగొచ్చిన మామకు కుడి చెవి పైన అరచేయంత మేర ఎముక లేదు, ఉత్త చర్మమే. దగ్గితే ఉబ్బేది. స్నానం చేయిస్తే ఆ గుంటలో నీళ్లు నిలిచేవి. అత్తమ్మ అటుపక్క చెంబుతో పోసేది కాదు, దోసిలితో జార్చేది. మేం పిల్లలం చిర్రగోనె ఆడితే, ఎగిరిన పుల్ల మామ తలకు తగులుతుందని కర్ర పట్టుకుని తరిమేది.

"నెత్తికి కిటికీ పెట్టిండ్రే! లోపట తెలివున్నదో లేదో తొంగి చూసుకోండ్రి," అనేవాడు మామ, రుమాలు చుట్టుకుంటూ.

"ఉంటేగద కనవడేది," అనేది అత్తమ్మ.

కొన్ని నెలలకు, ఆ ఖాళీలో బిళ్ల అమరుస్తామని దవాఖాన నుంచి కబురొచ్చింది. మామ అన్న అడ్డం పడ్డాడు.

"ఒక్కపారి బతికి బయటవడ్డడు. మళ్ల కోయిపిస్తవా? ఏమన్నయితే నిన్నే అంటం."

"అనుండ్రి బావా. బంతి తాకితే పోయే మనిషిని నేనెన్నొద్దులు కాసుకుంట కూసోవాలె?"

అని ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసింది.

ఉర్దూ బోర్డులు చదువుతానని నన్నూ వెంట తీసుకుపోయారు. రైలెక్కడమే నాకు పండుగ. డాక్టర్ ఓ నమూనా బిళ్ల చూపించాడు. కట్టుడు పళ్ల చిగుళ్లు చేసే సరుకే అన్నాడు. మామ దాన్ని అందుకుని, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. బావిలో పనికి కూర్చునే ముందు కప్పును కర్రతో అలాగే కొట్టి వింటారు. డొల్లగా మోగితే కూలుతుందని గుర్తు.

"గట్టిగనే ఉన్నది. ఎయ్యుండ్రి సారూ."

డాక్టర్ నవ్వాపుకోలేకపోయాడు.

ఆ తర్వాత మామ రుమాలు చుట్టలేదు. బావి పైన, లోపలికి దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో పనిచ్చారు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, తల టక్‌టక్‌మని కొట్టుకుని, "కప్పు బాగున్నది, చాయ్ తే!" అని కేకేసేవాడు. నేను ఒక చదువు వదిలి మరోదానికి దూకినప్పుడల్లా, "కొట్టి ఇను బిడ్డా, గప్పుడు కూసో," అనేవాడు. వినడం కొంత వచ్చింది, కూర్చోవడం ఇంకా రాలేదు.

అత్తమ్మ మాత్రం ఆ బిళ్లను నమ్మలేదు. ఏళ్లు గడిచినా అటుపక్క దోసిలితోనే నీళ్లు. "గిట్ల పోస్తే నా షిఫ్టు అయిపోతదే," అని మామ వేళాకోళం.

మొన్న ఆఖరి స్నానానికి చెంబు మామ అన్న చేతిలో ఉంది. కుడిపక్కకు రాగానే ఆయన చెయ్యి ఆగింది. అత్తమ్మ చెంబు తీసుకుంది. వంగి, ఆ చోట వేలి కణుపుతో మెల్లగా కొట్టింది. చెవి పెట్టి వింది. తర్వాత నిండు చెంబు ఎత్తి అటుపక్కే పోసింది.

నీళ్లు ఎక్కడా నిలవలేదు. నున్నగా, చెవి మీదుగా జారిపోయాయి.