డెవెన్నీ గారు మాట తప్పిన శుక్రవారం

లోర్కన్ డెవెన్నీ గారు ఉత్తర ఐర్లండ్‌లోని మా స్ట్రబేన్ ఊళ్లో సొలిసిటరు, అంటే ఇళ్ల పత్రాలూ వీలునామాలూ కోర్టు గొడవలూ చూసే లాయరు. నా పేరు నోరీన్. ఆయన ఆఫీసులో టైపు కొట్టడానికి చేరి, పోనుపోను ఆయన ఫోన్లకీ, టీకీ, చాదస్తానికీ కూడా కాపలాదారునయ్యాను. నాకు నోటి దురుసు ఉందని ఊళ్లో అంటారు. ఉంది. అంత నిదానమైన మనిషి దగ్గర అన్నేళ్లు పనిచేస్తే ఎవరికైనా వస్తుంది.

ఆయన తండ్రి రైల్వేలో పోర్టరు. ఊరికి రైలు ఆగిపోయాక ఆ కుటుంబంలో సగంమంది పని వెతుక్కుంటూ లండన్ పోయారు. ఈయన మాత్రం బెల్ఫాస్ట్‌లో చదువుకుని తిరిగొచ్చి, ఒక మిఠాయి కొట్టు పైన రెండు గదులు అద్దెకి తీసుకుని బోర్డు పెట్టారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకండీ అంటే, "నన్నెవరూ అడగలేదు నోరీన్" అనేవారు. మధ్యాహ్నం కోడిగుడ్డు సాండ్‌విచ్, సాయంత్రం లిఫర్డ్ వంతెన దాకా నడక. సెలవు పెట్టారంటే డొనెగాల్ వెళ్లి వానలో తడిసి రావడమే. ఊళ్లో సగంమంది వీలునామాలు ఆయన ఇనప్పెట్టెలో ఉండేవి. కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకే మెట్లెక్కి వచ్చే ఆఫీసు మాదేనని నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

సొలిసిటర్లలో ఒక పద్ధతి ఉంది. ఒకరు ఇంకొకరికి "ఇది నా మాట" అన్నారంటే ఇంక దానికి తిరుగులేదు. ఇళ్లు చేతులు మారేది ఆ మాట మీదే, పత్రాలు ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకి వెళ్లేది ఆ మాట మీదే. అది తప్పితే ఎవరికైనా నష్టం జరిగిందా అని బెల్ఫాస్ట్‌లోని సొలిసిటర్ల సంఘం అడగదు. తప్పావా లేదా అనే అడుగుతుంది. తప్పు మరీ పెద్దదైతే విచారణ జరిపి పట్టికలోంచి పేరే కొట్టేస్తారు. ఆ రోజునుంచి ఆ మనిషి సొలిసిటరు కాదు.

ఈ సంగతులు చూసే సంఘం కమిటీలో డెవెన్నీ గారు చాలాకాలం ఉన్నారు. ఆర్మాలో ఒక పడుచు సొలిసిటరు, ఇస్తానన్న రోజుకి ఇంటి పత్రాలు పంపక వారం ఆలస్యం చేసింది. ఆమెకి శిక్ష పడాల్సిందేనని పట్టుబట్టింది ఈయనే. పాపం, ఆ పిల్లకి అప్పుడే కాన్పయింది. నాకు ఒళ్లు మండిపోయి, మీకు గుండె ఉండాల్సిన చోట ఫైలు ఉందా అని అడిగేశాను. "ఉంది, కట్టు విప్పడానికి తీరిక దొరకలేదు" అన్నారు, నవ్వకుండా.

అలాంటి మనిషి దగ్గరికి ఇవోనా వచ్చింది. పోలండ్ అమ్మాయి, మాంసం ఫ్యాక్టరీలో పని. మా ఊరి పీడర్ గోర్మ్‌లీతో కొన్నేళ్లు కలిసుండి విడిపోయింది. వాళ్ల కూతురు కింగా అప్పుడే బడికి పోతోంది. తల్లి ఆ పిల్లని తీసుకుని పోలండ్ వెళ్లిపోతే ఇంక కంటికి కనిపించదని గోర్మ్‌లీ భయం. అందుకని అతను కోర్టుకెక్కితే జడ్జి, పిల్ల పాస్‌పోర్టు తల్లి తరఫు సొలిసిటరు దగ్గరే, అంటే డెవెన్నీ గారి దగ్గరే ఉండాలన్నాడు. గోర్మ్‌లీ తరఫున రోషీన్ హానిగన్ అనే ఆవిడ సొలిసిటరు. ఆవిడకి ఈయన నా ఎదురుగానే మాటిచ్చారు.

"నీతో చెప్పకుండా ఆ పాస్‌పోర్టు నా గడప దాటదు, రోషీన్."

"మీరన్నాక ఇంకేం కావాలండీ" అంది ఆవిడ.

గుడ్ ఫ్రైడే నాడు మేం మధ్యాహ్నానికే ఆఫీసు మూసేస్తాం. సరిగ్గా మూసే వేళకి ఇవోనా పిల్లని లాక్కుంటూ మెట్లెక్కి వచ్చింది. లుబ్లిన్‌లో వాళ్లమ్మ చావుబతుకుల్లో ఉంది. మనవరాలిని ఒక్కసారి చూపించమని అడుగుతోంది. విమానం ఆ సాయంత్రమే. డెవెన్నీ గారు రోషీన్ ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆవిడ ఈస్టర్‌కి సముద్రం ఒడ్డున, సిగ్నల్ అందని కారవాన్‌లో ఉంది. సెలవుల్లో అత్యవసరానికి ఒక జడ్జి ఉంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నంబరు నా గోడ మీదే అంటించి ఉంది. ఆయన దాని వంక చూశారు గానీ ఫోన్ ముట్టుకోలేదు. అడిగితే కాదంటారని భయపడ్డారు, అంతే.

లేచి ఇనప్పెట్టె తెరిచారు. "ఈస్టర్ దాటాక వచ్చే ఆదివారానికి తిరిగొస్తావా?" అని ఇవోనాని అడిగారు. ఆమె ఏడుస్తూనే తలూపింది. పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టారు.

నాకు నోట మాట రాలేదు. ఈ ముక్క చెబితే ఊళ్లో ఎవరూ నమ్మరు. వాళ్లు మెట్లు దిగిపోయిన చాలాసేపటికి, "మీరేం చేశారో మీకు తెలుస్తోందా?" అన్నాను.

"తెలుస్తోంది. తెలిసే ఇచ్చాను" అన్నారు.

ఈస్టర్ సెలవులయ్యాక మంగళవారం ఆఫీసు తెరవగానే ఆయనే రోషీన్‌కి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పారు. అవతల ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. గంట తిరక్కుండా గోర్మ్‌లీ వచ్చాడు. ఈస్టర్ నాడు చాక్లెట్ గుడ్డు పట్టుకుని పిల్ల కోసం వెళ్తే ఇంటికి తాళం వేసి ఉందట. లారీ తోలే మనిషి, గొంతు పెద్దది. కేకలు వేస్తాడని నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. కేకలు వేసినా బాగుండేది.

"నా కూతుర్ని మీ దగ్గర పెట్టానండీ" అన్నాడు, అంతే.

డెవెన్నీ గారు లేచి నిలబడ్డారు. క్షమించమని అడిగారు. గోర్మ్‌లీ తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు. అప్పటిదాకా ఆయన చేసింది మంచి పనేనని మనసులో సర్దిచెప్పుకుంటున్నదాన్ని, ఆ ఒక్క మాటతో ఇంక అలా అనుకోలేకపోయాను. ఆ వారమంతా ఫోన్ మోగితే చాలు, ఇవోనాయేమోనని పరిగెత్తేదాన్ని.

ఆదివారం ఇవోనా పిల్లతో సహా తిరిగొచ్చింది. ముసలమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని పోయిందట. పిల్లని తీసుకెళ్లి తనే గోర్మ్‌లీ గుమ్మంలో నిలబెట్టి, జరిగింది చెప్పుకుని ఏడ్చిందట. మర్నాడు రోషీన్ మా ఆఫీసుకి వచ్చింది. పిల్ల క్షేమంగా వచ్చింది, గోర్మ్‌లీ ఇంక గొడవ వద్దన్నాడు, జడ్జికి తను నచ్చజెబుతుంది, సంఘానికి మాత్రం ఒక్క ముక్క రాయదు. అదీ ఆవిడ చెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది. ఆవిడకి టీ పెట్టబోయాను.

"నువ్వు రాయకపోతే అది నీ మెడకి చుట్టుకుంటుంది. తోటి సొలిసిటరు తప్పు దాచినా తప్పేనని నీకు తెలుసుగా" అన్నారు డెవెన్నీ గారు. "నిన్ను ఆ ఇరకాటంలో పెట్టను. పిల్ల రాకముందే నేనే రాసేశాను."

రోషీన్ నా వంక చూసింది. నేను కెటిల్ వంక చూశాను.

విచారణకి బెల్ఫాస్ట్ దాకా కారు నేనే నడిపాను. విచారించేవాళ్లు ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దావిడ ఈయనతో ఒకప్పుడు కమిటీలో పనిచేసిందే. రోషీన్ వచ్చి, ఈయన మాట మీద తనకి ఇప్పటికీ నమ్మకం ఉందని చెప్పింది. గోర్మ్‌లీ తనకి ఫిర్యాదు లేదని కబురు పంపాడు. మందలించి వదిలేస్తారని అక్కడ అందరికీ అర్థమైపోయింది. ఈయన తరఫున వాదించిన కుర్ర లాయరు కాగితాలు సంచిలో సర్దేసుకుంటున్నాడు. పెద్దావిడ చివరగా, ఏదో లాంఛనానికి అడిగినట్టు, ఒక ప్రశ్న వేసింది.

"ఇలాంటి పరిస్థితే మళ్లీ వస్తే, ఇచ్చిన మాట తప్పనని మాకు మాటివ్వగలరా, డెవెన్నీ గారూ?"

ఆయన ఒకసారి రోషీన్ వంక చూశారు. చెప్పండి, చెప్పండి, అని నేను వెనక కుర్చీలో పళ్లు నూరుకుంటున్నాను.

"ఆ అమ్మాయి మళ్లీ వచ్చి అడిగితే మళ్లీ ఇస్తానండీ" అన్నారు. "అందుకని ఆ మాట మీకివ్వలేను."

కుర్ర లాయరు చెయ్యి సంచిలోనే ఉండిపోయింది. పెద్దావిడ, ప్రశ్న ఇంకోసారి అడగమంటారా అంది. ఆయనకి దారి వదులుతోందని నాకే తెలిసింది, ఆయనకి తెలియదా?

"వద్దండీ, బాగానే వినపడింది. ఇలాంటివాణ్ణి నమ్ముకుని తక్కిన సొలిసిటర్లు పని నడపలేరు. మీ కుర్చీలో నేనుంటే పేరు కొట్టేస్తాను."

కొట్టేశారు. అందరూ లేచినా నేను కుర్చీలోనే ఉన్నాను. ఆయనే వచ్చి నా కోటు పట్టుకుని నిలబడ్డారు, తొడుక్కోమని.