డిగ్లీపూర్ నుంచి వచ్చిన ఆది ముక్క

మా దీవుల్లో వస్తువు కొనడానికి ఎవరూ ఒట్టి చేతులతో వెళ్లరు. పాడైపోయిన పాతదాన్ని తీసుకెళ్లి కౌంటరు మీద పెట్టి "ఇలాంటిదే కావాలి" అంటారు. తప్పుది కొంటే సరైనది మళ్లీ ఓడెక్కి రావాలి మరి. కుళాయి వాషరు, మిక్సీ మూత, చెప్పు పట్టీ, అన్నీ ఇలాగే బజారు చూసొస్తాయి. మా వీధిలో ఒకాయన గడియ కొనడానికి ఏకంగా తలుపునే భుజాన వేసుకుని మిడిల్ పాయింట్ బజారంతా తిరిగాడు. ఎదురైన వాళ్లు తలుపు తట్టి మరీ ఆయన్ని పలకరించారని జనం చెప్పుకుంటారు. జనమంటే నేనే.

అలాంటి రోజుల్లో, పోర్ట్ బ్లెయిర్లో ఉన్న మాకు డిగ్లీపూర్ నుంచి మా మరదలు ఫోన్ చేసింది. మా ఆవిడకి చెల్లెలు, అక్కడ బజార్లో ఫోటో స్టూడియో నడుపుతోంది. ఇన్నాళ్లూ పాస్‌పోర్టు ఫోటోలతో, పుట్టినరోజు కేకులతో నెట్టుకొచ్చిన మనిషికి మొదటిసారి ఒక పెళ్లి వీడియో మొత్తం అప్పజెప్పారు. ఆదివారం రిసెప్షన్‌లో ఊరందరి ముందూ పెద్ద తెర మీద వెయ్యాలి. వెయ్యలేకపోతే ఇకమీద పెళ్లిళ్లన్నీ పోర్ట్ బ్లెయిర్ వాళ్లకే ఇస్తామని పెళ్లికూతురి తండ్రి నవ్వుతూ చెప్పాడట. ఆ నవ్వు చూసే మరదలు భయపడింది.

ఆమె కంప్యూటర్ మాత్రం మెమరీ చాలక, తలంబ్రాల ఘట్టం రాగానే బిగుసుకుపోతోంది. పెళ్లికూతురు దోసిట్లో బియ్యంతో అలాగే నిలబడిపోయింది. ఇంకా రెండు రోజులు నిలబెడితే మా ఎండకి ఆ బియ్యం దోసిట్లోనే ఉడికేట్టున్నాయి.

"ఏటి బావా, కంప్యూటర్లన్నీ నాకే తెలుసని మా అక్క పెళ్లినాటి నుంచి కోతలు కోస్తన్నావు. కాస్త పని చేసి చూపించు," అంది.

ఇంకా పెద్ద మెమరీ కొనాలంటే రకం తెలియాలి కాబట్టి, లోపలున్న పాత మెమరీ ముక్క మీద ఏం రాసుందో చదవమన్నాను. సముద్రపు గాలికి స్టిక్కరు ఎప్పుడో రాలిపోయిందట. నేను గంభీరంగా ఆలోచిస్తుండగా మా ఆవిడ ఫోన్ లాక్కుంది.

"జాకెట్టు కుట్టించాలంటే దర్జీకి ఏటి పంపుతామే? ఆది జాకెట్టు. ఇదీ అంతే. పాత ముక్క పంపు."

ఆ కంప్యూటర్‌లో రెండు ముక్కలుంటే మరదలు ఒకటి ఉంచుకుని ఒకటి పంపింది. అడవి దారంతా ఊగిపోయే బస్సులో, కళ్లజోడు డబ్బాలో, దూది పరుపు మీద పడుకుని అది దిగింది. డబ్బా నా చేతికిస్తూ, లోపల ఏముందని డ్రైవరు అడగలేదు. నా చూపు మీద మాత్రం జాలిపడ్డాడు.

దాన్ని పట్టుకుని గోల్ ఘర్ బజార్లో కంప్యూటర్ షాపుకి వెళ్లి, తలంబ్రాల గోడంతా చెప్పాను. షాపాయనది తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. వజ్రం చూసినట్టు మా ముక్కను వెలుగులో తిప్పి, పక్కన కొత్తదొకటి పెట్టాడు. మెమరీ ముక్క అంచున బంగారు పళ్ల వరస, మధ్యలో ఒక గాటు ఉంటాయి. మదర్‌బోర్డు గాడిలో ఉండే చిన్న దిమ్మ సరిగ్గా ఆ గాటులో కూర్చోవాలి. పక్కపక్కన పెడితే రెండింటి గాట్లూ ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి.

"భయ్యా, నీది పాత రకం, డీడీఆర్ త్రీ. నా దగ్గరున్నదంతా కొత్త రకం, ఫోర్," అన్నాడు.

ఆకురాయితో కొంచెం అరగదీస్తే పోదా అని సలహా ఇచ్చాను. రోడ్డు మీదికి పరిగెత్తే పిల్లాణ్ణి లాగినట్టు తన ముక్కను వెనక్కి లాక్కున్నాడు.

"గాటొక్కటే అయితే నేనే అరగదీసేవాణ్ణి. దీనికి కరెంటూ వేరే. పెట్టేవనుకో, బోర్డూ ఖతమ్, నీ పెళ్లికూతురి బియ్యమూ ఖతమ్."

పైగా ఒక్కో గాడి ఎంత మెమరీ మొయ్యగలదో ఆది ముక్క చెప్పదట, బోర్డే చెప్పాలట. మళ్లీ డిగ్లీపూర్‌కి ఫోన్. మరదలు కంప్యూటర్ డబ్బా విప్పి, టార్చి వేసి, బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. షాపాయన వెతికి గాడికి నాలుగు జీబీ దాటకూడదని తేల్చాడు. ఆ రకం ముక్క మద్రాసు నుంచి తెప్పించాలి, తెప్పిస్తే ఆదివారం దాటాకే వస్తుంది.

ఓడిపోయిన అభ్యర్థి మొహంతో ఇల్లు చేరాను. బోర్డు పేరు చెప్పగానే, చేపలు తోముతున్న మా ఆవిడ తల కూడా ఎత్తకుండా అంది: "అదే బోర్డు మీ కంప్యూటర్లోనూ ఉంది కదండీ."

నిజమే. మద్రాసు వెళితే మా ఆవిడ ఏదీ ఒంటిగా కొనదు, తనకొకటి, చెల్లెలికొకటి. కుక్కర్లు, గొడుగులు, చివరికి కంప్యూటర్లు కూడా కవలలుగానే ఓడెక్కాయి. రచయితకి ఎక్కువ కావాలని పోట్లాడి నాదాంట్లో నాలుగేసి జీబీల ముక్కలు రెండు వేయించుకున్నది నేనే. ఆది పట్టుకుని నేను గోల్ ఘర్ అంతా గాలిస్తుంటే, సరైన ముక్క మా ఇంట్లో, నేను పేకాడుకునే కంప్యూటర్లో, పూల ముసుగు కింద హాయిగా నిద్రపోతోంది.

ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. "కొత్తది దొరికితే మీదాని జోలికి రానక్కర్లేదనుకున్నాను. ఇంట్లో యుద్ధం ఎందుకని," అంది.

ఆపరేషన్ మొదలైంది. ప్లగ్గు పీకాను. ఒంట్లో ఉన్న కాస్త కరెంటూ పోవడానికి కంప్యూటర్ ఇనుప డబ్బాను తాకి దణ్ణం కూడా పెట్టాను. రెండు చివర్ల క్లిప్పులూ వదులు చేస్తే ముక్క టక్కున లేచింది. దాని చోట మరదలి చిన్న ముక్క పుట్టింట్లో కూర్చున్నంత నిశ్చింతగా కూర్చుంది. పెద్దది కళ్లజోడు డబ్బాలో డిగ్లీపూర్ బస్సెక్కింది. ఆ రోజు నుంచి నా కంప్యూటర్ నిద్రలేచేలోపు నేను టీ తాగి, పేపరు చదివి, పక్కింటివాళ్ల గొడవ కూడా తీర్చి రావచ్చు.

ఆదివారం సాయంత్రం మరదలు ఫోన్ చేసి, దాన్ని హాలు వైపు తిప్పి పట్టుకుంది. సన్నాయి వినిపించింది. తలంబ్రాలొచ్చేసరికి నేనూ మా ఆవిడా ఫోన్‌కి చెరో చెవీ ఆనించాం. హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది, ఎవరో ఈల వేశారు. బియ్యం పడ్డాయన్నమాట. అక్కడితో ఆగక ఆ ఘట్టం మళ్లీ వెయ్యమన్నారట. వేసింది, మళ్లీ పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే మళ్లీ ఫోన్.

"బావా, వాళ్ల రెండో అమ్మాయి పెళ్లి కూడా నాకే ఇచ్చేశారు. ఈసారి రెండు కెమెరాలు." గొంతులో బెల్లం కలిపింది. "నీదాంట్లో ఇంకో పెద్ద ముక్క ఉండిపోయింది కదా."

నేను ఫోన్ కింద పెట్టేలోపే మా ఆవిడ స్క్రూడ్రైవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఈ కథ టైపు చేసేదాకా ఆగమని బతిమాలుకున్నాను. త్వరగా కానివ్వమంటోంది.