కిరాయి ఇంటి నెంబరు

గ్లోరీది ఎల్లారెడ్డి. పెండ్లయి కామారెడ్డికి వచ్చి పన్నెండేండ్లు. అంగన్‌వాడీ టీచరు. తాను ఉండే గల్లీ ఓటర్ల జాబితా చూసే పనీ ఆమెదే. "మీరు యాడ ఉంటె ఆడనే ఓటు. ఇల్లు సొంతమా, కిరాయా అని అడగరు" అని గడప గడపకూ చెప్పేది. జనం తలూపేవాళ్లు. పేరు ఎక్కించే ఫారం మాత్రం తీసుకునేవాళ్లు కాదు.

ఆమె ఉంటున్న చోటనే అన్నిచోట్ల కంటే ఎక్కువ భయం. నాగిరెడ్డిపేట రైతు పోచయ్య కట్టించిన వరుస గదుల్లో గ్లోరీ వాళ్లు కాక ఇంకో ఏడు కుటుంబాలు కిరాయికి ఉంటాయి. పక్క గదిలో బాలలక్ష్మి. లింగంపేట నుంచి వచ్చి బీడీలు చేసుకుంటోంది.

"మన ఇంటి పటేల్ వద్దన్నడు టీచరమ్మా. ఓటు ఎక్కితే ఇల్లు మాదే అంటమట" అంది బాలలక్ష్మి.

గ్లోరీ వెళ్లి ఓటుతో ఇల్లు రాదని పోచయ్యకు నచ్చజెప్పబోయింది.

"మా చిన్నాయన ఇంట్ల కిరాయికున్నోళ్లు కదలకపోతె పదారేండ్లు కోర్టుకు తిరిగినం" అన్నాడు పోచయ్య. "ఒక్క ఫారం నింపినా గదులన్నీ ఖాళీ చేపిస్త. మొదలు నీదే."

ఫారాలకు ఆఖరు రోజు ఆదివారం. గ్లోరీ బడిలో టేబులు వేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. ఆ వరుస నుంచి ఒక్కరూ రాలేదు. భర్త ప్రవీణ్ ఫోన్ చేశాడు. "పిల్లకు పరీక్షలున్నయి. ఇప్పుడు ఇల్లు యాడ దొరుకుతది? ఊకో." ఫోన్ పెట్టేసి, కాయితాలు తీసుకుని గదుల వైపు నడిచింది.

గదుల ముందు వాకిట్లో కుర్చీ వేసుకుని పోచయ్యే కూర్చున్నాడు. ఆమెను చూసి లేచి కాయితాల కట్ట పట్టుకున్నాడు.

"ఇవి బయట పెట్టి లోపలికి రా."

గ్లోరీ కట్ట వదల్లేదు. "అన్నా, ఇయ్యాల డ్యూటీ మీద వచ్చిన. ఈడ ఎవరుంటున్నరో రాసుడు నా పని. నువ్వు ఆపితె అది కూడ రాయాలె."

ఇద్దరి మధ్య కట్ట బిగుసుకుంది. ఎక్కడో తలుపు కిర్రుమంది. పొగాకు దుమ్ము చేతులతోనే బాలలక్ష్మి బయటికి వచ్చింది.

"పటేలా, ఊర్లె లేనని లింగంపేటల నా పేరు తీసేసిండ్రు. ఈడ నువ్వు రాయనియ్యవు. మరి నేను యాడ ఉన్నట్టు?"

పోచయ్య కట్ట వదిలాడు.

ఫారం మీద బాలలక్ష్మి సంతకం పక్కన పొగాకు మరక అంటింది. తర్వాత ఇంకో నాలుగిండ్ల వాళ్లు వచ్చారు. రెండు తలుపులు తెరుచుకోలేదు. గ్లోరీ ఆ తలుపులు తట్టలేదు.

పోచయ్య మిగతావాళ్ల జోలికి పోలేదు. గ్లోరీని మాత్రం నెల రోజుల్లో ఖాళీ చేయమన్నాడు. చివరికి ప్రవీణే రెండు గల్లీల అవతల ఒక చిన్న గది చూసి వచ్చాడు. ఆ ఇంట్లో నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి.

సామాను ఎత్తే రోజున బాలలక్ష్మి బీరువాకు ఒక కొస పట్టింది. కండ్లు తుడుచుకుంటూ "నా వల్లనే కదా" అంది.

"జాబితా వచ్చింది, చూసినవా? అండ్ల నీ పేరు పక్కన నీ పెనిమిటి పేరు తప్పు పడ్డది" అంది గ్లోరీ. "బీరువా దించినంక కూసో. అది దిద్దనీకి ఇంకో ఫారం ఉంటది."