చేను చుట్టూ వేయని గింజలు

మా వ్యవసాయాఫీసరు గారు పోయారని మంగళవారం పొద్దున్నే నిడదవోలు నుంచి ఫోను వచ్చింది. నిద్రలోనే వెళ్లిపోయారట. ఏడ్చాను. ఆయన బతికుండగానే వెళ్లి చెప్పుకోగలిగాను, అదే చాలనుకున్నాను. ఏం చెప్పుకున్నానో మీకూ చెబుతాను. నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

జంగారెడ్డిగూడెం పక్కన మెట్టలో మేం కౌలుకు పత్తి వేసేవాళ్లం. కాయల్లోకి పురుగు దూరేది. మా ఆయన వీపున ట్యాంకు కట్టుకుని మందు కొట్టీ కొట్టీ ఒకరోజు చేలోనే నురగలు కక్కుతూ పడిపోయాడు. ఆసుపత్రిలో పడుండి బతికి వచ్చాడు. ఆ తర్వాతే ఆఫీసరు గారు కొత్త గింజ గురించి చెప్పారు. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి గుణాన్ని ఆ గింజలోనే పెట్టారనీ, కాయ కొరికిన పురుగు చస్తుందనీ అన్నారు.

"పురుగు చస్తే మేం చావమా?"

"అది పురుగు కడుపులోనే పనిచేస్తుందండి. మీ కడుపు వేరు."

కూలికొచ్చిన ఆడవాళ్లతో కూడా ఆయన అలాగే 'అండి' అంటూ మాట్లాడేవారు. ఆ ఏడు ట్యాంకు చాలావరకు అటక మీదే ఉంది. నేను కంటినిండా నిద్రపోయాను.

గింజల డబ్బాలో మామూలు పత్తి గింజల పొట్లం ఒకటి వచ్చేది. దాన్ని చేను చుట్టూ వేయమనేవారు.

"ఏంటండీ బాబూ, పురుగుని మేపడానికా నేను కౌలు కట్టేది?"

"కాస్త మేపాలండి. కొత్త పత్తి తిన్నా చావని పురుగు ఎక్కడో ఒకటి పుడుతుంది. దానికి అలాంటి జతే దొరికిందా, పిల్లలన్నీ మొండివే. మామూలు పత్తి మీద పెరిగినదానితో కలిస్తే, పిల్లలు కొత్త పత్తి తిని మళ్లీ చస్తాయి."

తలూపాను. పొట్లం కాలవలో పారేసి, చుట్టూ కూడా కొత్త గింజే వేశాను. ఊరంతా అదే పని. "వేశామండి" అని ఆయనతో చెప్పాను. ఆయన గట్టు వెంట నడిచి నాలుగు కాయలు గోటితో విప్పి చూశారు. "మరీ శుభ్రంగా ఉన్నాయండి" అని మాత్రం అన్నారు.

కొన్నేళ్లకు గులాబీ రంగు పురుగు ఆ పత్తికి లొంగడం మానేసింది. రైతుల మీటింగులో అందరికంటే ముందు లేచింది నేనే. "నువ్వు తెచ్చిన గింజేగా! తీసుకెళ్లి నీ పెరట్లో వేసుకో!" అని అరిచాను. ఆయన తల వంచుకున్నారు. దొంగ గింజ అంటగట్టాడన్న పేరుతోనే రిటైరయ్యారు.

మొన్న వేసవిలో బస్సెక్కి ఆయనింటికి వెళ్లాను.

"ఆ పొట్లాలు మేం పారేశామండి. పారేసి మిమ్మల్ని తిట్టాను."

"తెలుసండి. గట్టు పక్క కాయల్లో ఒక్క పురుగూ లేదుగా."

"మరి ఆ రోజు మీటింగులో మాట్లాడలేదేంటండీ? అందరి ముందూ నా గాలి తీసేయాల్సింది!"

"తీస్తే మళ్లీ నన్ను చేలోకి రానిచ్చేవారా మీరు?" అని పగలబడి నవ్వారు. "కాఫీ తాగండి, చల్లారిపోతోంది."

ఆయన్ని ఇంకా అనేవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లు వినాలనే ఇది రాయిస్తున్నాను. గింజ దొంగది కాదు, ఆయనా దొంగ కాదు. చెప్పింది చేయనిది మనం. ఎవరినైనా అనాలంటే ముందు నన్ననండి.

నేను ఆయనింటికి వెళ్లిన రోజు, వద్దంటున్నా చేతికర్ర పట్టుకుని బస్సు దాకా వచ్చారు. బస్సు కదిలాక చెయ్యి ఊపుదామని వెనక్కి చూశాను. ఆయన నా వైపు చూడడం లేదు. ఎవరి కంచెలోంచో రోడ్డు మీదికి వాలిన బెండ మొక్క దగ్గర నిలబడి, ఆకు తిరగేసి అడుగున వెతుకుతున్నారు.