అవ్వ ఒప్పుకోని పేరు

నా చిన్నప్పుడు మా తమ్మునికి పేరు పెట్టే దగ్గర ఇంట్లో పెద్ద లొల్లే అయింది. జమ్మికుంట పక్కన మా ఊళ్లో ఉన్న చిన్న చర్చిని ఊడ్చి, గంట కొట్టేది మా తాతయ్య. మనవడికి అహీమెలెకు అనే పేరే పెట్టాలని ఆయన పట్టుబట్టాడు. నోరు తిరగని ఆ పేరు విని నేనైతే పడీ పడీ నవ్వాను.

ఆయనెవరని అవ్వ అడిగింది. మేము అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం. రాజుకు దొరక్కుండా పారిపోతున్న దావీదు ఆకలితో వస్తే, యాజకులు తప్ప ఇంకొకరు తినకూడని దేవుని సన్నిధి రొట్టెను తీసి ఇచ్చిన యాజకుడని తాతయ్య మురిసిపోతూ చెప్పాడు. ఆ తర్వాత ఏమైందంటే మాత్రం నసిగాడు. ఆ సాయం చేసినందుకే రాజు ఆయనను చంపించాడట. అవ్వ భగ్గుమంది.

"రొట్టె పెట్టి పానం పోగొట్టుకున్నోని పేరు నా కొడుక్కా మామా? నేనొప్ప. యోహాను అని పెట్టుండ్రి."

బాప్తిస్మం కోత పండుగనాడు. ముందురోజు సాయంత్రమే ఊరివాళ్లు కొత్త జొన్నలతో రొట్టెలు చేసి దేవుని బల్ల మీద పెట్టి వెళ్లేవారు. ఆరాధన అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టకూడదు. తాతయ్య పాస్టరుగారిని తీసుకురావడానికి పోయాడు. అంతలో మగ్గం పని ఆగిపోయిన ఒకామె ఇద్దరు పిల్లలతో నడిచివచ్చి మా గడపలో కూలబడింది. చిన్నదానికి ఏడ్చే ఓపిక కూడా లేదు. మా కుండలో గంజి చుక్క లేదు. అవ్వ కాసేపు అటూ ఇటూ తిరిగి, తమ్ముణ్ణి నా ఒళ్లో పడుకోబెట్టి, చర్చిలోకి పోయి బల్ల మీది రొట్టెలు కొంగులో వేసుకొచ్చింది. వాళ్లకు పెడుతూనే మాటిమాటికీ చర్చి వైపు భయంగా చూసింది. అయ్యో, దేవుడు మా అవ్వను ఏం చేస్తాడోనని నాకు ఏడుపొచ్చింది.

మరునాడు సంఘపెద్ద ఒకాయన అందరి ముందే రొట్టెలేవని తాతయ్యను నిలదీశాడు. తాతయ్య తెల్లముఖం వేశాడు. ఆయన పని పోతే మేముండే గుడిసె కూడా పోతుంది, అది చర్చిదే. అవ్వ లేచి నిలబడింది.

"మామకు ఎరుకలేదు. పిల్లలు ఆకలికి సొమ్మసిల్లుతుంటే నేనే తీసి పెట్టిన. ఏమన్న అంటే నన్ను అనుండ్రి."

పాస్టరుగారు సంఘపెద్దను కూర్చోమని సైగ చేసి, తమ్ముణ్ణి చేతుల్లోకి తీసుకుని పేరు అడిగారు. పాపం తాతయ్య, కోడలి మాటే నెగ్గనిద్దామని యోహాను అనబోయాడు. అవ్వ ఆయన చెయ్యి పట్టి ఆపింది.

"అహీమెలెకు" అంది, చర్చంతా వినబడేటట్టు.

ఇన్నేళ్లయినా, నాది కానిదాన్నో, దాచుకున్నదాన్నో తీసి ఇవ్వాల్సి వస్తే నాకు భయమే వేస్తుంది. అవ్వకు కూడా వేసిందని నాకు తెలుసు. అందుకే ఇచ్చేస్తాను.