అత్తమ్మ దించిన కాలు

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. నిజాం పాలన పోయిన కొత్తలో, నేను కోడలిగా నాంపల్లి స్టేషన్ వెనక గల్లీకి వచ్చాను. మా అత్తమ్మ ఎదురుకాళ్ళతో పుట్టిందట. అలాంటివాళ్ళు తంతే పట్టేసిన నడుము వదులుతుందని అందరి నమ్మకం. ఆబిడ్స్ దుకాణాల సేట్లు కూడా వచ్చి మా వాకిట్లో బోర్లా పడుకునేవాళ్ళు.

ఒక పొద్దున నీళ్ళ బిందె ఎత్తబోతే నా నడుము పట్టేసింది. గల్లీ అంతా చూస్తుండగా సిగ్గుపడుతూ నేనూ బోర్లా పడుకున్నాను. అత్తమ్మ కాలెత్తింది.

"అత్తమ్మా, పిక్క దాకా గుంజుతున్నది. బొటనవేలు తెలుస్తలేదు," అన్నాను.

ఎత్తిన కాలు గాలిలోనే ఆగింది. మెల్లగా దించేసింది.

"ఏంది పెద్దమ్మా, కాలు మహిమ పోయిందా?" అని పక్కింటామె నవ్వింది.

"పోతే పోనీ. నా కోడలు నడవాలె. జర రిక్షా పిలువుండ్రి!"

వెన్నుపూసల మధ్య నరం నలిగిందనీ, తన్ని ఉంటే కాలు పడిపోయేదేమోననీ దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. బరువులెత్తొద్దంది. ఎముకల బలానికి పాలు, రాగిజావ తాగమంది. నేను లేచేదాకా అత్తమ్మే సగం సగం బిందెలతో నీళ్ళు మోసింది.

ఆ తర్వాత ఎవరొచ్చినా, "నొప్పి కాలుకు దిగుతున్నదా?" అని ముందే అడిగేది. ఔనంటే దవాఖానకే పంపేది. ఊరు మెచ్చిన కాలును నలుగురి ముందు దించడానికి ఎంత గుండె కావాలి!

మీ ఇంటిల్లిపాదీ నిటారుగా, నిబ్బరంగా నడవాలి. మీకూ అలాంటి పెద్దదిక్కు ఉండాలి.